నల్లా దగ్గర నా రాజ్యం

నా చిన్నప్పుడు మూడు వారాల పాటు నేనొక రాజ్యాన్ని ఏలాను. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుతోనే చెబుతున్నాను. చిక్కడపల్లిలో మేము కిరాయికి ఉన్న కాంపౌండే ఆ రాజ్యం. ఆరు పోర్షన్లు, ఆరు కుటుంబాలు, మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఆ వాకిట్లో ఒకే ఒక్క నల్లా. ఎండాకాలం వస్తే ఆ నల్లాలో పొద్దున్నే ఒక గంట నీళ్లు వచ్చేవి. కొన్ని రోజులు ఆ గంట కూడా నమ్మకం ఉండేది కాదు. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

నాకు ఆ పదవి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఆ ఏడు ఎండలు ముదరకముందే నల్లా దగ్గర తగాదాలు మొదలయ్యాయి. ఒకరి బిందె ఒకరు జరపడం, ఒకరినొకరు మాటలు అనుకోవడం. ఒకరోజు ఇద్దరు ఆడవాళ్లు ఒకే బిందె చెరోవైపు పట్టుకుని గుంజుకుంటుంటే అది చేజారి పక్కింటి అక్క నుదుటికి తగిలింది. రక్తం కారింది. ఇల్లు ఎవరిదో ఆ పెద్దావిడ ముందు పోర్షన్‌లోనే ఉండేది. మేమంతా ఆమెను ఓనరమ్మ అనేవాళ్లం. ఆమె గడపలో నిలబడి వాకిలంతా కలియజూసి నన్ను వేలెత్తి చూపింది.

"పెద్దోళ్లకు బుద్ధి లేదు. ఈ పిల్లకు గొంతు ఉంది, తెలివి ఉంది. రేపటి సంది నల్లా ఇదే చూసుకుంటది. ఇది చెప్పిందే లెక్క."

అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు.

మర్నాడు బొగ్గు ముక్కతో బండల మీద గీతలు గీశాను. ఒక్కో ఇంటికి నాలుగు బిందెలు అన్నాను. తోమని బిందె తెస్తే వెనక్కి పొమ్మన్నాను. బిందె పెట్టి మనిషి పక్కన లేకపోతే దాన్ని లైను చివరికి జరిపేస్తానన్నాను. ఎవరైనా గొణిగితే ఎవరిది న్యాయమో నేనే చెప్పేదాన్ని. ఆశ్చర్యమేమిటంటే తగాదాలు ఆగిపోయాయి. ఆఫీసులకు వెళ్లే మగవాళ్లు నన్ను చూసి "ఏం కలెక్టరమ్మా" అని పలకరించేవారు. మా అమ్మ పైకి ఏమీ అనేది కాదు గానీ ఆమె కళ్లలో గర్వం మెరిసేది. మా ఇంటి బిందెలు ఎప్పుడూ లైనులో మొదటో రెండోగా ఉండేవి. అది నేను చేసిన పని అని నాకే తెలిసేది కాదు. అలా కుదిరిందనుకునేదాన్ని.

వారం తిరిగేసరికి నాకు నల్లా ఒక్కటే సరిపోలేదు. వాకిట్లో కళ్లాపి ఎంత చల్లాలో చెప్పాను. పక్కింటి అక్క ఇంట్లోకి వెళ్లి, చంటివాడి స్నానానికి ఒక చెంబు తక్కువ వాడమని చెప్పాను. నుదుటి మీద పట్టీతో ఆమె నా వైపు ఒక చూపు చూసింది. ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం నాకు మెచ్చుకోలులా వినబడేది.

మా ఇంట్లో మా మేనత్త ఉండేది. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో సాంఘికశాస్త్రం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడూ తెల్లటి వాయిల్ చీర, చేతికి సుద్ద పొడి. సాయంత్రాలు నాకూ పాఠం చెప్పేది. ఆ ఏడు పరీక్షలో పౌరశాస్త్రంలో మా తరగతిలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. శాసనాలు చేసేది ఒకరు, వాటిని అమలు చేసేది ఇంకొకరు, తప్పొప్పులు తేల్చేది మరొకరు. రైళ్లు, సైన్యం ఢిల్లీ చూసుకుంటుంది, పోలీసులు, దవాఖానాలు రాష్ట్రం చూసుకుంటుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని. ఆ పాఠానికీ వాకిట్లో నేను చేస్తున్న పనికీ ఏదైనా సంబంధం ఉందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

కాంపౌండు వెనక గోడ అవతల ఒక మూడంతస్తుల ఇల్లు కడుతున్నారు. అక్కడ రేకుల గుడిసెలో పాలమూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. తండ్రి ఇటుకలు మోసేవాడు, తల్లి సిమెంటు తట్టలెత్తేది. వాళ్లకు పదేళ్ల కూతురు, ఆరు నెలల కొడుకు. గోడకున్న చిన్న తలుపులోంచి వచ్చి మా నల్లా దగ్గర రెండు బిందెలు పట్టుకోవడానికి ఓనరమ్మ ఎప్పుడో ఒప్పుకుంది. నీళ్లకు ఆ పిల్లే వచ్చేది. తనకంటే ముందు తన బిందె కనబడేది, అంత చిన్న పిల్ల, అంత పెద్ద బిందె.

ఆ రోజు ఆ పిల్ల తెల్లారకముందే వచ్చి బిందె పెట్టింది. మూడో స్థానం. నేను బయటికి వచ్చేసరికి బిందె ఉంది, పిల్ల లేదు. నా రూలు ప్రకారం బిందెను చివరికి జరిపేశాను. నీళ్లు మొదలయ్యాక ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. తన బిందె ఎక్కడుందో చూసింది. ఒక్క మాట కూడా అనకుండా తీసుకెళ్లి మళ్లీ మూడో చోట పెట్టింది.

అందరూ చూస్తున్నారు. నా ఒళ్లు మండిపోయింది.

"ఏయ్, ఎవరిని అడిగి పెట్టినవ్?"

"అది నా జాగనే అక్కా. పొద్దుగాల్నే పెట్టిన. అమ్మకు జరమొచ్చింది, తమ్ముడు ఏడుస్తున్నడని పోయొచ్చిన."

"బిందె కాడ మనిషి లేకుంటే ఆఖరుకు పోవాలె. అది రూలు."

"నాకు ఎవలు చెప్పలే."

"ఇప్పుడు చెప్తున్న. ఎదురు మాట్లాడినవ్ కాబట్టి మూడు రోజులు నీకు నల్లా బంద్."

ఆ పిల్ల చుట్టూ చూసింది. ఆడవాళ్లు ఎవరి బిందె వాళ్లు చూసుకుంటున్నారు. "మరి నేను ఎవలకు చెప్పుకోవాలె?" అంది.

"నాకే చెప్పుకోవాలె."

"చెప్తున్న గద అక్కా."

"విన్న. కుదరదన్న. ఇగ పో."

ఆ పిల్ల ఖాళీ బిందె చంకన పెట్టుకుని చిన్న తలుపులోంచి వెళ్లిపోయింది. పోతూ తలుపు చప్పుడు కాకుండా వేసింది. ఆ వేయడంలో ఉన్న జాగ్రత్త నాకు ఇప్పటికీ గుర్తుంది.

మొదటి రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. మూడో రోజు పొద్దెక్కాక గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. మా బడికి సెలవులిచ్చినా పెద్ద తరగతుల పరీక్షల పని మీద రోజూ తన బడికి వెళ్తున్న మేనత్త, బయలుదేరబోతూ ఆగి, చిన్న తలుపు తీసుకుని వెళ్లింది. కాసేపటికి ఆమె గొంతు గట్టిగా వినిపించింది, రిక్షా పిలవమని. చంటివాడికి రెండు రోజులుగా విరేచనాలట, ఆ పొద్దున నుంచి కళ్లు తేలేస్తున్నాడట. జ్వరంతో ఉన్న తల్లినీ, చీరకొంగులో చుట్టిన పిల్లవాడినీ రిక్షా ఎక్కించి మేనత్త కూడా ఎక్కింది. ఆ పిల్లా, తండ్రీ రిక్షా వెనకాల పరుగెత్తారు. రిక్షా పెద్ద దవాఖాన వైపు తిరిగింది. మేనత్త ఆ రోజు బడికి వెళ్లలేదు. అది నేను పుట్టాక చూడని సంగతి.

నల్లా సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ నేను ఒకచోట కూర్చోలేకపోయాను. గేటు దాకా వెళ్లేదాన్ని, వీధి చివర దాకా చూసేదాన్ని, తిరిగి వచ్చేదాన్ని. అన్నం ముందు నుంచి మధ్యలోనే లేచిపోయాను. అమ్మ ఒళ్లు పట్టి చూసి వేడి లేదంది. మధ్యాహ్నం ఇక ఉండలేక మా వంటింట్లోంచి ఒక బిందెడు నీళ్లు ఎత్తుకుని చిన్న తలుపులోంచి అవతలికి వెళ్లాను. గుడిసె తలుపు తాడుతో కట్టి ఉంది. బిందె గడప దగ్గర పెట్టాను. వెనక్కి వచ్చాను. అది చాలదనిపించి ఇంకొక బిందె తీసుకెళ్లాను. తాగేవాళ్లు ఎవరూ లేని ఇంటి ముందు రెండు బిందెల నీళ్లు పెట్టి, ఎండలో, ఏం చేయాలో తెలియక నిలబడ్డాను.

అప్పుడే మేనత్త తిరిగి వచ్చింది. చీర నలిగిపోయి ఉంది. నన్నూ, బిందెలనూ చూసింది.

"పిల్లగాడు ఉన్నడు," అంది మొదట. "సెలైన్ పెట్టిన్రు. రేపటిదాంక ఏం చెప్పలేమన్నరు."

తర్వాత నా చేయి పట్టుకుని, కడుతున్న ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. గోడలు తడపడానికి మేస్త్రీలు అక్కడ ఒక సిమెంటు హౌజు కట్టుకున్నారు. అందులో నీళ్లు పచ్చగా ఉన్నాయి. మీద దోమలు లేస్తున్నాయి. అంచున తడి మీద బిందె అడుగు గుండ్రంగా ముద్రపడి ఉంది.

"రెండు రోజుల సంది ఆ పిల్ల ఇంట్లకు ఈ నీళ్లే తీస్కపోయింది," అంది మేనత్త. "డాక్టరును అడిగిన. వీటితోనే అయిందని చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె కొంగుతో తుడవలేదు, ఊరుకోమనలేదు. ఇటుకల కుప్ప మీద కూర్చుని, నన్ను కూర్చోమంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె పాఠం అడిగినట్టు అడిగింది.

"బిందె కాడ మనిషుండాలన్న రూలు ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"బిందె జరిపింది ఎవరు?"

"నేనే."

"తప్పు ఆ పిల్లదే అని తేల్చింది, మూడు రోజులు బంద్ అని శిక్ష వేసింది?"

"అది కూడా నేనే."

"నీ మీద ఫిర్యాదు ఉంటే ఆ పిల్ల ఎవరి కాడికి పోవాలె?"

ఆ పిల్ల కూడా అదే అడిగింది. నాకే చెప్పుకోవాలన్నాను నేను.

"పరీక్షల రాసినవ్ గద," అంది ఆమె నెమ్మదిగా. "మార్కులు కూడా వచ్చినయ్. చట్టం చేసే చెయ్యి, కొరడా పట్టే చెయ్యి, తీర్పు చెప్పే చెయ్యి వేరువేరుగ ఎందుకుండాలె అంటే, మనుషులు చెడ్డోళ్లని కాదు బిడ్డా. నువ్వు చెడ్డదానివి కాదు. మంచోళ్లమనుకునేటోళ్లకు తమ తప్పు తమకు కనబడదు. అందుకే."

చంటివాడు బతికాడు. ఆరో రోజున తల్లి ఒళ్లో ఇంటికి వచ్చాడు, మెడ నిలపలేనంత నీరసంగా. ఆ ఆదివారం మేనత్త కాంపౌండులోని ఆడవాళ్లందరినీ వాకిట్లో కూర్చోబెట్టింది. చిన్న తలుపు తెరిచి గుడిసెలోని వాళ్లనూ పిలిచింది. ఓనరమ్మకు అది నచ్చలేదు.

"వాళ్లు కిరాయిదార్లు కాదు గద?"

"నీళ్లు తాగుతరు గదమ్మా," అంది మేనత్త.

ఆ తర్వాత ఆమె చెప్పినదాంట్లో కొత్తదేమీ లేదు. అంతా నాకు వచ్చిన పాఠమే. నల్లా లైను సంగతి ఏడిళ్ల వాళ్లూ కలిసి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది గోడ మీద రాసి పెట్టాలి, చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి. నల్లా దగ్గర నిలబడే పని వారానికొక ఇంటిది. గేటు, పైపులు, మరమ్మతులు ఓనరమ్మ ఇష్టం, అందులో కిరాయిదార్లు వేలు పెట్టకూడదు. ఎవరింట్లో ఎన్ని చెంబులతో స్నానం చేయిస్తారన్నది ఎవరింటి గడప లోపలి సంగతి, అందులో వాకిలి వేలు పెట్టకూడదు. ఆ మాటకు పక్కింటి అక్క నా వైపు చూడకుండా నవ్వింది.

"మరి తగాదా అయితే?" అడిగారెవరో.

వీధి వైపున్న గదిలో గడియారాలు బాగుచేసే చాచా ఒకాయన దుకాణం పెట్టుకున్నాడు. రోజూ ముషీరాబాద్ నుంచి సైకిలు మీద వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాడు. తాగే నీళ్లు కూడా సీసాలో ఇంటి నుంచే తెచ్చుకునేవాడు. మా నల్లాతో ఏ పనీ లేని మనిషి కాంపౌండు మొత్తానికి ఆయనొక్కడే. తగాదాలకు తీర్పు చెప్పమని మేనత్త ఆయన్ను ముందే అడిగి ఆదివారమైనా రప్పించింది. ఆయన స్టూలు మీద ఇబ్బందిగా కూర్చున్నాడు.

"మొదటి ఫిర్యాదు నేనే చేస్తున్న," అంది మేనత్త. "నా మేనకోడలి మీద."

మా అమ్మ లేచి నిలబడింది. "చిన్నపిల్లను ఇంతమంది ముందల నిలబెడతవా?"

"పెద్దోళ్ల పని చేసింది వదినె, పెద్దోళ్ల లెక్కనే జవాబు చెప్పాలె. తప్పు దానిదొక్కదానిదే కాదు. మూడు పనులు ఒక్క చేతిల పెట్టి మనమందరం హాయిగ పండుకున్నం. నేను దానికి పాఠం చెప్పేదాన్ని, నాకే కనబడలే."

నేను వెళ్లి చాచా ముందు నిలబడ్డాను. ఆ పిల్ల నా పక్కనే నిలబడింది. ఇద్దరి మధ్యా ఒక మూర దూరం.

"బిందె నువ్వు జరిపినవా బేటా?"

"జరిపిన."

"ఎందుకు?"

"రూలు ఉండె."

"ఈ పిల్లకు ఆ రూలు ముందుగాల చెప్పినవా?"

నేను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. రూలు చెప్పిన రోజు వాకిట్లో ఆరిళ్ల వాళ్లే ఉన్నారు. గోడ అవతలి వాళ్లు నాకు గుర్తే రాలేదు.

"చెప్పలే."

చాచా గడ్డం నిమురుకున్నాడు. "చెప్పని రూలుకు సజా ఉండదు. బిందె జరుపుడు తప్పు, బంద్ చేసుడు ఇంకా పెద్ద తప్పు," అన్నాడు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగాడు. "నీకేం కావాలె బేటా, చెప్పు."

నేను దెబ్బలకు సిద్ధంగా ఉన్నాను. మూడు రోజులు మా ఇంటికి నల్లా బంద్ చేయమంటుందేమో అనుకున్నాను. అంటే బాగుండుననీ అనుకున్నాను. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ అంది:

"నా బిందె పెట్టిన కాడ్నే ఉండాలె. ఇంకేం వద్దు."

"బీమారు మనిషి ఉన్న ఇంటికి ముందు నీళ్లు ఇయ్యాలని కూడా చెప్పు చాచా," అంది పక్కింటి అక్క.

ఆయన చేతులు అడ్డంగా ఊపాడు. "అది నా పని కాదమ్మా. రూలు మీరు చెయ్యాలె. చేసినంక తగాదా వస్తే నేను చూస్త."

ఆడవాళ్లు అప్పటికప్పుడే ఆ రూలు చేశారు. మేనత్త సుద్దతో గోడ మీద రాసింది. ఆ తర్వాత తగాదాలు పూర్తిగా పోయాయని చెప్పను. నా ఏలుబడిలో కంటే ఎక్కువే అయ్యాయి. మూడో వారంలో చాచా మా అమ్మకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు, అమ్మ రెండు రోజులు ఆయన దుకాణం వైపు చూడలేదు. ఒకసారి ఓనరమ్మ కోపమొచ్చి పైపు కట్టేస్తానంది, మేనత్త వెళ్లి గంటసేపు మాట్లాడి వచ్చింది. అంతా ఆలస్యం, అంతా గోల. కానీ ఖాళీ బిందెతో ఎవరూ వెనక్కి వెళ్లలేదు.

ఆ పిల్ల నాతో స్నేహం చేయలేదు. నేను పలకరిస్తే తలూపేది, అంతే. క్షమించమని రెండుసార్లు అడిగాను. మొదటిసారి "ఏం లేదు లే అక్కా" అంది. రెండోసారి బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. శీతాకాలానికి ఇల్లు పూర్తయింది, వాళ్లు కవాడిగూడలో ఇంకో పనికి వెళ్లారని ఎవరో చెప్పారు. ఆ తర్వాత నాకు తెలియదు.

పెద్దయ్యాక నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరాను. ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. చేరిన మొదటి నెలలోనే నామీద ఫిర్యాదులు నా దగ్గరికి కాకుండా వేరొకరి దగ్గరికి వెళ్లే ఏర్పాటు చేయమని రాసి ఇచ్చాను. పైవాళ్లు వింతగా చూశారు. నీ నెత్తిన నువ్వే రాయి వేసుకుంటున్నావన్నారు. ఫిర్యాదులు వచ్చాయి కూడా. కొన్ని అబద్ధం, కొన్ని నిజం. నిజమైనవి చదివిన రోజుల్లో అన్నం సయించేది కాదు.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. మేడ మీద గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయిలు కిరాయికి ఉంటారు. అధికార విభజన గురించి పేజీలకు పేజీలు బట్టీ పడతారు. మొన్న ఒకమ్మాయి వచ్చి, ఈ మూడు శాఖలూ ఒకదానికొకటి అడ్డుపడుతుంటే పని ఎట్ల అయితది ఆంటీ, ఒక్క మంచి మనిషి చేతిల పెడితే అయిపోతది గద అంది. ఆ అమ్మాయికి ఈ కథ చెప్పాను. వింటూ వింటూ పుస్తకం మూసేసింది. "మరి మీరు మంచోళ్లే గద ఆంటీ" అంది చివరికి, నన్ను ఓదారుస్తున్నట్టు. అవునమ్మా, భయం అదే, అన్నాను.

మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె నాకు ఇచ్చింది జ్ఞానమని అనలేను. ఒక అలజడి ఇచ్చింది. ఇంట్లో పనిమనిషికి ఒక మాట చెప్పినా, కిరాయి అమ్మాయిలకు ఒక షరతు పెట్టినా, ఆ వెంటనే లోపల ఏదో కదులుతుంది. నాది తప్పైతే ఈ మనిషి ఎవరి దగ్గరికి పోతుంది అని. జవాబు దొరికేదాకా కూర్చోలేను, లేచి ఇటూ అటూ తిరుగుతాను. ఈ వయసులో కాస్త నెమ్మదిగా ఉండమంటారు మా వాళ్లు. నెమ్మది వద్దు నాకు. ఆ మూడు వారాలు నా మనసు చాలా నెమ్మదిగానే ఉండేది.